యూఎన్ శాంతి పరిరక్షక మిషన్లలో ఫ్లైట్ ఫాలోయింగ్ ఉద్యోగం: షీలానగర్ నుంచి అడిగిన అమ్మాయికి

ముందు ప్రశ్న ఏమిటో చెబుతాను, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థమవుతుంది. అడిగిన అమ్మాయి మన విశాఖ ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీలో లోడ్ కంట్రోల్, అంటే విమానంలో ఎక్కే మనుషుల, సరుకుల బరువు లెక్క, చూస్తున్నారు. నాలుగేళ్ల అనుభవం ఉంది. ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షక మిషన్లలో ఎయిర్ ఆపరేషన్స్, ఫ్లైట్ ఫాలోయింగ్ అనే ఉద్యోగాలు ఉంటాయని విన్నారు. అక్కడ అసలు పనేమిటి? తన అనుభవం పనికొస్తుందా? ప్రాణభయం ఎంత? లక్షన్నర కడితే ఉద్యోగం పెట్టిస్తామంటున్న కన్సల్టెన్సీని నమ్మవచ్చా? అమ్మ ఒప్పుకోవడం లేదు, ఆవిడకేం చెప్పాలి? ఇవీ ప్రశ్నలు.

కన్సల్టెన్సీ సంగతి ముందే తేల్చేద్దాం. ఒక్క రూపాయి కూడా కట్టకండి. దరఖాస్తుకు గానీ, ఇంటర్వ్యూకు గానీ, ట్రైనింగ్‌కు గానీ, వీసాకు గానీ యూఎన్ ఏ దశలోనూ డబ్బు తీసుకోదు. తన తరఫున తీసుకోమని ఎవరినీ పెట్టుకోలేదు. కంబోడియాలో కంప్యూటర్ ఉద్యోగాలని చెప్పి మన ఊరి కుర్రాళ్లను సైబర్ మోసాల ముఠాలకు అప్పగించిన కేసులు 2024లో మన పోలీసులే బయటపెట్టారు. ఇక దాని గురించి మాట్లాడుకోవద్దు.

నేను నేవీలో ఉండగా విశాఖ నేవీ ఎయిర్ స్టేషన్ ఐఎన్‌ఎస్ డేగాలో ఏటీసీలో, అంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో, పనిచేశాను. రిటైరయ్యాక దక్షిణ సూడాన్‌లోనూ, తూర్పు కాంగోలోనూ యూఎన్ మిషన్ల ఏవియేషన్ సెక్షన్లలో చేశాను. ఇప్పుడు మర్రిపాలెంలో ఉంటున్నాను. కాబట్టి చెప్పేది ఆ రెండు మిషన్ల అనుభవంతో చెబుతున్నదే.

చాలామంది ఈ పనిని ఏటీసీ అనుకుంటారు. కాదమ్మా. డేగా టవర్‌లో కూర్చున్న కంట్రోలర్ విమానానికి ఆజ్ఞ ఇస్తాడు. ఆగమంటాడు, ఎక్కమంటాడు, దిగమంటాడు. ఫ్లైట్ ఫాలోయింగ్ గదిలో ఉన్నవాళ్లకు ఆ అధికారం లేదు. యూఎన్ విమానమైనా ఆ దేశపు ఏటీసీ మాటే వినాలి. మన పని వేరు. మిషన్ తరఫున గాల్లోకి లేచిన ప్రతి విమానం, ప్రతి హెలికాప్టర్ ఈ నిమిషానికి ఎక్కడుంది, లోపల ఎంతమంది ఉన్నారు, ఎన్ని గంటల ఇంధనం ఉంది, మళ్లీ ఎప్పుడు పలకాలి, ఇవన్నీ తెలిసి ఉండాలి. మన ఫిషింగ్ హార్బర్‌లో ఒడ్డున ఉన్నవాళ్లకు వేటకెళ్లిన బోట్ల లెక్క తెలిసినట్టే. ఏ బోటు ఏ రోజు వెళ్లింది, ఎంత డీజిలు, ఎంత ఐసు వేసుకుంది, ఎప్పటికి రావాలి. రాకపోతే పక్క బోటువాళ్లను ఎప్పుడు అడగడం మొదలుపెట్టాలో కూడా వాళ్లకు తెలుసు. మా గదిలో ఉద్యోగమంతా ఆ ఆఖరి మాటలోనే ఉంది.

గదిలో ఏముంటాయంటే, హెచ్ఎఫ్ రేడియో, వీహెచ్ఎఫ్ రేడియో, శాటిలైట్ ఫోను, గోడకు మ్యాపు, ఒక పెద్ద తెర మీద శాటిలైట్ ట్రాకింగ్, ఒక లాగ్. పైలట్ మిషన్ నిబంధనను బట్టి పావుగంటకో అరగంటకో పిలిచి తన స్థానం, ఎత్తు, తర్వాతి చోటికి చేరే సమయం చెప్పి "ఆపరేషన్స్ నార్మల్" అంటాడు. మీరు రాసుకుంటారు. రోజంతా ఇదే. బయటివాళ్లు చూస్తే ఇంత జీతమిచ్చి చేయించే పనా ఇది అనిపిస్తుంది.

తెర మీద చుక్క కనిపిస్తోంది కదా, ఇంకా రేడియోలో పిలవడం ఎందుకని కొత్తవాళ్లు అడుగుతారు. సంకేతం ఆగిపోయినా చుక్క తెర మీద నుంచి మాయం కాదు. ఆఖరిసారి పంపిన చోటే కదలకుండా ఉంటుంది. దాని పక్కన ఉన్న సమయం మాత్రం పాతబడుతుంది. చుక్కను చూసేవాడికి అంతా బాగానే ఉన్నట్టుంటుంది, సమయాన్ని చూసేవాడికి తేడా తెలుస్తుంది. అందుకే నేను ఎవరికి పని నేర్పినా మొదటి వారమంతా చుక్క చూడవద్దు, గడియారం చూడమని చెప్పేవాణ్ని.

రావలసిన కబురు రాకపోతే ఏం చేయాలన్నది మన ఇష్టం కాదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, దీనికి మూడు దశలు పెట్టింది. కబురు రావలసిన సమయం దాటి అరగంటైనా రాకపోతే మొదటి దశ, ఇన్‌సెర్ఫా. తర్వాత వాకబు చేసినా జాడ తెలియకపోతే అలెర్ఫా. దిగడానికి అనుమతి తీసుకున్న విమానం చెప్పిన సమయం దాటి అయిదు నిమిషాల్లో దిగకుండా, మళ్లీ పలకకుండా కూడా ఉంటే నేరుగా అలెర్ఫానే. ఇంకా జాడ లేకపోతే, లేదా ఇంధనం అయిపోయి ఉంటుందని లెక్క తేలితే డెట్రెస్ఫా. ఆపదలో ఉందన్నట్టే. మంచి ఫ్లైట్ ఫాలోయర్ అరగంట పూర్తయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోడు. అయిదో నిమిషానికే రెండో ఫ్రీక్వెన్సీలో పిలుస్తాడు, ఆ దారిలో ఉన్న ఇంకో విమానాన్ని అడుగుతాడు, దిగవలసిన చోట ఉన్న మనవాళ్లకు ఫోన్ చేస్తాడు. పదిసార్లలో పదిసార్లూ రేడియో పొరపాటో, పైలట్ మరిచిపోవడమో అయ్యుంటుంది. పదకొండోసారి కూడా అలాగే అనుకోకుండా ఫోన్ తీయగలిగిన మనిషి కావాలి. అన్నిటికంటే కష్టమైనది ఇదే. "మళ్లీ మొదలుపెట్టావా" అని పక్కవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వాలి.

యూఎన్‌లో ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే 1961 సెప్టెంబరుకు వెళ్లాలి. అప్పటి సెక్రటరీ జనరల్ డాగ్ హమర్‌షోల్డ్ కాంగో రాజధాని లియోపోల్డ్‌విల్ నుంచి, ఇప్పటి జాంబియాలో ఉన్న ఎన్‌డోలాకు డీసీ-6 విమానంలో బయలుదేరాడు. కాంగో నుంచి విడిపోతామన్న కటాంగా ప్రాంతపు తిరుగుబాటుదారుల చేతిలో ఒక జెట్ విమానం ఉండేది. ఆ భయంతో దారి మార్చి వెళ్లారు, చాలాసేపు రేడియోలో మాట్లాడకుండా ఎగిరారు. 18వ తేదీ అర్ధరాత్రి దాటాక ఎన్‌డోలా మీదికి వచ్చి, దీపాలు కనిపిస్తున్నాయని టవర్‌తో చెప్పారు. ఆ తర్వాత మాట లేదు. విమానం ఎందుకు కూలిందన్నది ఇప్పటికీ తేలలేదు, దాని మీద యూఎన్ విచారణలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. నాకు అంతకంటే బాధ కలిగించేది ఇంకొకటి. ఆయన మనసు మార్చుకుని వేరేచోటికి వెళ్లి ఉంటాడని కింద ఉన్నవాళ్లు అనుకున్నారు. ఎయిర్‌పోర్టుకు పదిహేను కిలోమీటర్ల దూరంలో అడవిలో పడి ఉన్న శిథిలాల దగ్గరికి మనుషులు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఉన్న 16 మందిలో ఒకరు అప్పటికి ప్రాణంతో ఉన్నారు, తర్వాత ఆసుపత్రిలో పోయారు. పలకని విమానం గురించి "ఎక్కడికో వెళ్లుంటుందిలే" అనుకోకూడదన్న పాఠం దీనికంటే గట్టిగా ఎవరూ చెప్పలేరు.

మన ఊరికి ఈ బాధ కొత్త కాదు. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన ఎయిర్‌ఫోర్స్ ఏఎన్-32 బంగాళాఖాతం మీద మాయమైంది. 29 మందిలో ఎనిమిది మంది మన నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. నెలల తరబడి వెతికారు. చెన్నై తీరానికి దూరంగా 3,400 మీటర్ల లోతున శిథిలాలు ఉన్నాయని 2024 జనవరిలో గానీ తెలియలేదు. ఏడున్నరేళ్లు. ఆఖరి స్థానం ఎంత కచ్చితంగా తెలిస్తే వెతికే సముద్రం అంత చిన్నదవుతుంది. అక్కడి అడవికైనా చిత్తడినేలకైనా అదే లెక్క.

ఇక రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. రేపటి విమానాలు ఈ రోజే తయారవుతాయి. ఏ సెక్షన్‌కు ఎక్కడికి ఎంతమంది, ఎంత సరుకు పంపాలో అభ్యర్థనలు వస్తాయి. టాస్కింగ్ వాళ్లు వాటిని ఉన్న విమానాలకు, సిబ్బంది డ్యూటీ గంటలకు సరిపెట్టి మర్నాటి షెడ్యూలు తీస్తారు. దాని మీద పై అధికారి సంతకం పడాలి. మూవ్‌మెంట్ కంట్రోల్, అందరూ మవ్‌కాన్ అంటారు, ప్రయాణికుల, సరుకుల జాబితా కడుతుంది. టెక్నికల్ కంప్లయన్స్ వాళ్లు విమానం, సిబ్బంది కాగితాలు చూస్తారు. ఏవియేషన్ సేఫ్టీ వాళ్లు మా సెక్షన్ కింద ఉండరు, విడిగా ఉంటారు, అలాగే ఉండాలి కూడా. విమానాలు యూఎన్ సొంతం కావు. కొన్ని కంపెనీల నుంచి అద్దెకు తీసుకున్నవి, కొన్ని సభ్యదేశాల సైన్యాలు లెటర్ ఆఫ్ అసిస్ట్ అనే ఒప్పందం మీద పంపినవి. వాటికి తెల్లరంగు వేసి నల్ల అక్షరాలతో యూఎన్ అని రాస్తారు. మి-8 హెలికాప్టర్లు ఎక్కువ. డాష్-8, ఏఎన్-26 లాంటివి కనిపిస్తాయి. బరువైన పనికి మి-26 వస్తుంది, అది ఇరవై టన్నులు ఎత్తుతుంది. మన ఎయిర్‌ఫోర్స్ వాళ్లు కూడా తక్కువేం కాదు. 1961లోనే మన కాన్‌బెర్రా బాంబర్ విమానాలు కాంగో వెళ్లాయి. 2003 నుంచి కొన్నేళ్లు మన మి-17లు, దాడి హెలికాప్టర్లు తూర్పు కాంగోలో ఎగిరాయి. గోమాలో మన ఆర్మీ డాక్టర్లు నడిపిన లెవెల్-3 ఆసుపత్రి పేరు అక్కడ స్థానికులను అడిగినా చెబుతారు.

మీ లోడ్ కంట్రోల్ అనుభవం పనికొస్తుందా అని అడిగారు. మీరు అనుకున్న దానికంటే ఎక్కువే పనికొస్తుంది. జాబితాలో ఉన్న మనుషులు, విమానంలో ఎక్కిన మనుషులు ఒకటేనా అన్నది అక్కడ ప్రాణాంతకమైన ప్రశ్న. గ్రామీణ ప్రాంతంలో హెలికాప్టర్ దిగుతుంది, రోటర్ తిరుగుతూనే ఉంటుంది, స్థానిక అధికారి వచ్చి "మా వాళ్లను ఇద్దరిని ఎక్కించుకోండి" అంటాడు. మిషన్‌కు చెందనివాళ్లు ఎక్కాలంటే ముందస్తు అనుమతి ఉండాలి, బాధ్యత నుంచి యూఎన్‌ను మినహాయించే పత్రం మీద సంతకం ఉండాలి. అవి లేకుండా ఎక్కిస్తే బరువు లెక్క తప్పుతుంది, ఏదైనా జరిగితే ఎంతమంది కోసం వెతుకుతున్నామో కూడా తెలియదు. వేడి మధ్యాహ్నం, ఎత్తయిన ప్రదేశం అయితే హెలికాప్టర్ మోయగల బరువు బాగా తగ్గిపోతుంది. గోమా ఎయిర్‌పోర్టు సముద్రమట్టానికి సుమారు 1,550 మీటర్ల ఎత్తులో ఉంది. పైగా 2002లో నైరాగోంగో అగ్నిపర్వతం లావా వచ్చి రన్‌వే ఉత్తరపు కొసను మింగేసింది. విశాఖలో మూడు కిలోమీటర్ల రన్‌వే మీద లెక్క కట్టిన చేతికి అక్కడి లెక్కలు కొన్నాళ్లు చెమటలు పట్టిస్తాయి.

సమయం విషయంలో జాగ్రత్త. అన్నీ జూలూలో, అంటే యూటీసీలో రాయాలి. జూలూ ఉదయం అయిదంటే మనకు పదిన్నర, దక్షిణ సూడాన్ రాజధాని జుబాలో ఏడు, ఉగాండాలోని ఎంటెబ్బెలో ఎనిమిది. కాంగోలోనే రెండు సమయాలు, గోమాలో ఏడైతే కిన్షాసాలో ఆరే. దక్షిణ సూడాన్ 2021 ఫిబ్రవరి 1న దేశం మొత్తం గడియారాన్నే ఒక గంట వెనక్కి తిప్పింది. గోడ గడియారాన్ని నమ్మి లాగ్ రాసేవాళ్లకు అలాంటి రోజు నరకం. జూలూలో రాసేవాళ్లకు ఏమీ తేడా రాలేదు.

అక్షాంశ రేఖాంశాలు కూడా అంతే. 9 డిగ్రీల 30 నిమిషాలు అని ఒకరు చెబుతారు, ఇంకొకరు దాన్ని 9.30 అని కంప్యూటర్‌లో కొడతారు. చూడటానికి ఒకటే. భూమ్మీద ఆ రెండింటి మధ్య 22 కిలోమీటర్లు. గాయపడ్డవాళ్లను తేవడానికి వెళ్లిన హెలికాప్టర్ 22 కిలోమీటర్లు పక్కన దిగితే ఆ చోటు ఎవరి చేతిలో ఉందో ఎవరికి తెలుసు? ఏ పద్ధతిలో చెబుతున్నారో అడిగి, తిరిగి చదివి వినిపించి, అవునన్నాకే రాసుకోవాలి. ఇంగ్లిషు యాసలు కూడా రకరకాలు. రష్యన్, ఉక్రెయిన్ పైలట్లు, బంగ్లాదేశ్ సైనికాధికారులు, కెన్యా డిస్పాచర్లు. అంకెలు ఒక్కొక్కటిగా పలకడం, తిరిగి చదివించుకోవడం, ఈ రెండూ వస్తే యాసలు పెద్ద అడ్డు కావు.

ఇప్పుడు భయం సంగతి. మీ అమ్మగారి ప్రశ్న కూడా ఇదే కాబట్టి దాచకుండా చెబుతాను. దక్షిణ సూడాన్‌లో యూఎన్ హెలికాప్టర్ ఎగరాలంటే ఫ్లైట్ సేఫ్టీ అష్యూరెన్స్ అనేది కావాలి. మేమందరం ఎఫ్‌ఎస్‌ఏ అంటాం. ఫలానా రోజు, ఫలానా దారిలో, ఫలానా హెలికాప్టర్ వస్తుంది, దాని మీద కాల్పులు జరపబోమని ఆ ప్రాంతాన్ని పట్టుకున్న పక్షాలు మాట ఇవ్వడం. ఆ మాట కోసం ఫోన్లు, ఉత్తరాలు, ఎదురుచూపులు. అది రాకపోతే అన్నీ సిద్ధంగా ఉన్నా ఎగరకూడదు. బయటివాళ్లకు ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది. 2012 డిసెంబరు 21న జోంగ్లే రాష్ట్రంలో యూఎన్ మి-8ను ప్రభుత్వ సైన్యమే కూల్చేసింది, నలుగురు రష్యన్ సిబ్బంది పోయారు. 2014 ఆగస్టు 26న బెంటియూ దగ్గర ఇంకో మి-8 కూలింది, ముగ్గురు పోయారు. 2025 మార్చి 7న నాసిర్‌లో గాయపడ్డ సైనికులను తీసుకురావడానికి వెళ్లిన యూఎన్ హెలికాప్టర్ మీద కాల్పులు జరిగాయి, సిబ్బందిలో ఒకరు చనిపోయారు. కాంగోలో 2023 ఫిబ్రవరిలో గాల్లో ఉండగా కాల్పులు తగిలి దక్షిణాఫ్రికా సిబ్బందిలో ఒకరు పోయారు. మాట ఇచ్చినా చావులు తప్పని సందర్భాలు ఉన్నాయని దీన్నిబట్టి అర్థం చేసుకోండి. మాట రాకముందే ఎగరనివ్వడం అంతకంటే ఎంత ప్రమాదమో కూడా.

ఈ కాగితం లేదని విమానం ఆపితే మీ మీద అరిచేవాళ్లు ఉంటారు. కర్నల్‌కు మీటింగ్ ఉంటుంది, రాజధాని నుంచి వచ్చిన పెద్దాయన ఎండలో నిలబడి ఉంటాడు. "మీరెవరు ఆపడానికి" అంటారు. నిబంధన నంబరు చెప్పి, గొంతు పెంచకుండా, లేదని చెప్పి, ఆ మాట ఎన్ని గంటలకు చెప్పారో లాగ్‌లో రాసుకోవాలి. మీరు ఎయిర్‌పోర్టులో పనిచేశారు, గేటు మూసేశాక వచ్చిన ప్రయాణికుడి అరుపులు విన్నారు, కాబట్టి మీకిది కొత్తేం కాదు.

వాతావరణం కూడా అంతే ముఖ్యం. 2011 ఏప్రిల్ 4న కిన్షాసా ఎయిర్‌పోర్టులో దిగబోతున్న యూఎన్ విమానం, సీఆర్‌జే రకం, ఉరుముల మేఘం కింది గాలిలో చిక్కి రన్‌వే దగ్గరే కూలింది. 33 మందిలో ఒక్కరే బతికారు. హుద్‌హుద్‌కు మన టెర్మినల్ కప్పు ఏమైందో చూసినవాళ్లం మనం. కానీ తుఫానుకు రోజుల ముందే హెచ్చరిక వస్తుంది. మధ్య ఆఫ్రికా మీద మధ్యాహ్నం లేచే ఉరుముల మేఘానికి అంత వ్యవధి ఉండదు. అక్కడ చాలా ఎయిర్‌స్ట్రిప్పుల్లో వాతావరణ కేంద్రం ఉండదు. మన సైనికుడో, మవ్‌కాన్ కుర్రాడో ఆకాశం చూసి ఫోన్‌లో చెప్పేదే రిపోర్టు. మేఘం ఏ దిక్కున ఉంది, గాలి ఎటు వీస్తోంది, కొండ కనిపిస్తోందా లేదా, ఇలా అడిగి రాబట్టి పైలట్‌కు అందించాలి. దక్షిణ సూడాన్‌లో వర్షాకాలం వస్తే ఇంకో తలనొప్పి. అక్కడ చాలాచోట్ల నేల నల్లరేగడి. మనకు గుంటూరు, కర్నూలు వైపు తెలిసిందే, ఎండితే రాయి, తడిస్తే జిగురు. మట్టి రన్‌వేల మీద విమానాలు దిగలేవు, రోడ్లు మునిగిపోతాయి, అంతా హెలికాప్టర్ల మీద పడుతుంది. ఆ నెలల్లో షెడ్యూలు అన్నది ఆశ మాత్రమే.

రాత్రిపూట ఫోన్ మోగితే చాలావరకు క్యాజువాలిటీ తరలింపు. దీనికి యూఎన్‌లో పది-ఒకటి-రెండు అనే సూత్రం ఉంది. గాయమైన పది నిమిషాల్లో ప్రథమ చికిత్స, గంటలో నిపుణులైన వైద్య సిబ్బంది చేయి పడాలి, రెండు గంటల్లో ఆపరేషన్ టేబుల్ మీద ఉండాలి. సూత్రం రాయడం తేలిక. మి-8 గంటకు రెండు వందల ఇరవై కిలోమీటర్ల దాకా వెళుతుంది. దూరం, మధ్యలో ఇంధనం, దిగే చోట రాత్రి దీపాలు, అక్కడి భద్రత, ఎఫ్‌ఎస్‌ఏ, వైద్య బృందం హెలికాప్టర్ దగ్గరికి చేరడం, ఇవన్నీ ఆ రెండు గంటల్లోకి సర్దాలి. ఫ్లైట్ ఫాలోయింగ్ కుర్చీలో ఉన్నవాళ్లే ఆ సమయంలో అందరి మధ్య తీగ. డాక్టర్ ఒక లైన్‌లో, బెటాలియన్ ఒక లైన్‌లో, పైలట్ రేడియోలో. ఎవరు ఎప్పుడు ఏం చెప్పారో నిమిషాలతో సహా రాయాలి. తర్వాత విచారణ వస్తే అందరి జ్ఞాపకాలూ వేరువేరుగా ఉంటాయి, లాగ్ ఒక్కటే నిలబడుతుంది. టెన్షన్ ఉంటుంది, ఉండదని చెప్పను. ఆపరేషన్ అయిపోయాక వణుకు వస్తుంది, అప్పుడు టీ తాగుతారు.

అయితే ఫ్లైట్ ఫాలోయింగ్ వాళ్లు తుపాకుల మధ్య కూర్చోరు. క్యాంపు లోపల కంటైనర్ గదులు, కంచె, గార్డులు, అవసరమైతే దాక్కోవడానికి బంకర్లు. మీకు ఎదురయ్యే అసలు కష్టాలు మలేరియా, ఒంటరితనం, షిఫ్టులు, ఎప్పుడు సర్దుకోవాలో తెలియని అనిశ్చితి. 2025 జనవరి చివర్లో గోమా ఎం23 అనే తిరుగుబాటు దళం చేతికి పోయింది, ఎయిర్‌పోర్టు మూతపడింది. అలాంటి రోజులు రావచ్చు. కుటుంబాన్ని తీసుకెళ్లనివ్వని చోట్లే ఎక్కువ. కొన్ని వారాలకొకసారి విశ్రాంతి సెలవు ఇస్తారు. ఆడపిల్లలు చాలామంది పనిచేస్తున్నారు, దరఖాస్తుల్లో మహిళలను ప్రత్యేకంగా ప్రోత్సహిస్తారు కూడా. భారత బెటాలియన్ ఉన్న చోట పడితే పప్పన్నానికి లోటుండదు, ఆవకాయ మాత్రం మీరే తీసుకెళ్లాలి.

ఎలా చేరాలి? అమ్మా, ఇక్కడ ఒక చేదు మాట చెప్పాలి. ఇది మంచి సమయం కాదు. మాలీ మిషన్ 2023 చివరికి మూతపడింది. లెబనాన్ మిషన్ గడువు 2026 డిసెంబరుతో ముగుస్తుంది. డబ్బు లేక, తొమ్మిది మిషన్లలో సైనికులను, పోలీసులను నాలుగో వంతు తగ్గిస్తున్నట్టు యూఎన్ 2025 అక్టోబరులో చెప్పింది. విమానాలు తగ్గుతాయి, ఉద్యోగాలూ తగ్గుతాయి. కాబట్టి ఉన్న ఉద్యోగం వదిలి దీనికోసం కూర్చోవద్దు.

దారులు మాత్రం ఇవి. జనరల్ సర్వీస్ ఉద్యోగాలు ఆ దేశస్థులకే, వాటి జోలికి వెళ్లకండి. ఫీల్డ్ సర్వీస్, అంటే ఎఫ్‌ఎస్ స్థాయి ఉద్యోగాలు మనకు తెరిచే ఉంటాయి. యూఎన్ కెరీర్స్ వెబ్‌సైట్‌లో లాజిస్టిక్స్ విభాగం కింద ఎయిర్ ఆపరేషన్స్ అసిస్టెంట్, మూవ్‌మెంట్ కంట్రోల్ అసిస్టెంట్ అని వస్తాయి. వాటికి మీ నాలుగేళ్లు సాధారణంగా చాలవు. ఎంపికైనా చాలాసార్లు నేరుగా ఉద్యోగం రాదు, రోస్టర్‌లో పేరు పెడతారు, నెలలూ ఏళ్లూ పట్టవచ్చు. మీకు దగ్గరి దారి యూఎన్ వాలంటీర్స్. అంతర్జాతీయ స్పెషలిస్టుగా వెళ్లాలంటే 27 ఏళ్లు నిండాలి, కనీసం మూడేళ్ల అనుభవం కావాలి. వాలంటీర్ అన్నారని ఉచితంగా పనిచేయించరు, జీవనభత్యం ఇస్తారు. నేను చూసిన ఫ్లైట్ ఫాలోయింగ్ గదుల్లో వాలంటీర్లు ఎప్పుడూ ఉండేవారు. శాంతి పరిరక్షక మిషన్లే కావాలని పట్టు పట్టకపోతే ప్రపంచ ఆహార కార్యక్రమం నడిపే యూఎన్‌హాస్ విమాన సర్వీసు కూడా చూడండి. పని దాదాపు ఇదే, సైన్యం గొడవ తక్కువ. అద్దెకు విమానాలిచ్చే కంపెనీల్లో ఆపరేషన్స్ ఉద్యోగాలు కూడా ఒక దారి. జీతాల స్కేళ్లు యూఎన్ బయటే పెడుతుంది, ఏ ఏజెంటు మాటా వినక్కర్లేదు.

దరఖాస్తులో "లోడ్ కంట్రోల్ చేశాను" అని ఒక వాక్యం రాసి ఊరుకోకండి. ఏ రకం విమానాలు, షిఫ్టుకు ఎన్ని, బరువు తేడా వచ్చినప్పుడు ఎవరికి చెప్పి ఎలా ఆపారు, వాతావరణం వల్ల దారి మళ్లిన రోజున ఏం చేశారు, ఇలా రాయండి. ఇంటర్వ్యూలో అడిగేవి కూడా ఇవే, మీరు ఫలానా పరిస్థితిలో ఏం చేశారో చెప్పండి అని. సిద్ధాంతం చెప్పేవాళ్లు అక్కడ పోతారు.

అమ్మగారికి ప్రమాదం లేదని చెప్పకండి, ఆవిడ టీవీ చూస్తారు, నమ్మరు. ఏ మిషన్, ఏ ఊరు, క్యాంపు ఎలా ఉంటుంది, ఎన్ని వారాలకు సెలవు, ఎవరికి ఫోన్ చేస్తే మీ సంగతి తెలుస్తుంది, ఇవి కాగితం మీద రాసి ఇవ్వండి. ఉద్యోగం చేతికొచ్చాక చేసే పని అది. ఇప్పుడే గొడవ పెట్టుకోనక్కర్లేదు.

ఈ ఏడాది చేయదగ్గవి మూడు. రేడియో టెలిఫోనీ లైసెన్సు, ఆర్‌టీఆర్, రాయండి. రేడియో భాష నేర్చుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు, మీ సూపర్‌వైజర్‌కు కూడా అది పనికొచ్చేదే. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు వైపు ఆపరేషన్స్ కంట్రోల్‌లోనో డిస్పాచ్‌లోనో అవకాశం వస్తే లోడ్ కంట్రోల్ వదిలి అటు మారండి, అనుభవం సరైన పేరుతో పెరుగుతుంది. మూడోది ఫ్రెంచి. కాంగో, మధ్య ఆఫ్రికా రెండు మిషన్లలోనూ అది ఉన్నవాళ్లకు ముందు పిలుపు వస్తుంది. టీకాల సంగతి అప్పుడే వద్దు. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుంటే చాలు, ఒకసారి వేస్తే ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. పోర్టు హెల్త్ ఆఫీసులో ఏ రోజుల్లో వేస్తారో ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.